రెండు మైనస్ గుర్తులు, ఒక ముళ్ళకొమ్మ

ఊటీ పట్టణం సుమారు 11.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 76.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. కంప్యూటర్ పటాల్లో దక్షిణ అక్షాంశానికీ పశ్చిమ రేఖాంశానికీ ముందు మైనస్ గుర్తు ఉంటుంది. ఆ రెండు సంఖ్యల ముందూ చెరొక మైనస్ గుర్తు చేర్చి వెతికితే ఊటీ కనిపించదు. పెరూ దేశంలో, లీమా నగరానికి ఈశాన్యంగా, ఆండీస్ పర్వతాల పడమటి వాలు మీద, కాంతా అనే కొండ ఊరి సమీపంలో తేలతాం. ఊటీ ఎత్తు దాదాపు 2,240 మీటర్లు, కాంతా ఎత్తు దాదాపు 2,800 మీటర్లు. నీలగిరుల్లో బెర్బెరిస్ టింక్టోరియా అనే ముళ్ళపొద పెరుగుతుంది. పెరూ కొండల ముళ్ళపొదల్లోనూ అదే బెర్బెరిస్ ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు, చెందినవి ఉన్నాయి.

ఇది పొద్దుపోక వేసిన లెక్కలా కనిపించవచ్చు. హెర్బేరియం, అంటే ఎండు మొక్కల భద్రాలయం, రికార్డులతో పని చేసేవారికి మాత్రం ఇది నిత్యం వెంటాడే బెడద. కాంతా దగ్గర కోసిన బెర్బెరిస్ కొమ్మ ఒకటి ఎండిపోయి అట్టకు అతుక్కుని ఏదో ఒక భద్రాలయంలో ఉందనుకుందాం. దాని చీటీలోని వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషి అక్షాంశం ముందు మైనస్ మరిచిపోతే పటం మీది చుక్క కరీబియన్ సముద్రంలో పడుతుంది. రేఖాంశం ముందు మరిచిపోతే హిందూ మహాసముద్రంలో పడుతుంది. సముద్రంలో ముళ్ళపొద మొలవదు గనుక ఎవరో ఒకరు తప్పు పట్టుకుంటారు. రెండు గుర్తులూ ఒకేసారి పోతే చుక్క నీలగిరుల్లో వాలుతుంది. అది నేల, పైగా కొండ. ఎత్తు ఇంచుమించు సరిపోతుంది. ఆ ప్రజాతి అక్కడ నిజంగానే ఉంది. దేశం గడిలో పెరూ అని రాసి ఉంటే తప్ప ఆ చుక్కను అనుమానించడానికి కారణమే ఉండదు. ఒక తప్పు చేసినవాడు దొరికిపోతాడు, రెండు చేసినవాడు తప్పించుకుంటాడు.

పటం మీద చుక్కను చూడగానే ‘ఈ మొక్క ఇక్కడ ఉంది’ అని చదువుకోవడం అందరికీ అలవాటు. రికార్డు నిజానికి చెప్పేది అంతకన్నా చాలా తక్కువ: ఫలానా రోజున ఫలానా మనిషి ఇక్కడ ఒక కొమ్మ కోసినట్టు ఎవరో రాశారు, దాన్ని మరెవరో ఫలానా మొక్కగా గుర్తించారు, ఇంకెవరో ఆ చోటును సంఖ్యలుగా మార్చారు. పొదకూ చుక్కకూ మధ్య కనీసం మూడు చేతులు ఉన్నాయి. ఆండీస్ బెర్బెరిస్ విషయంలో ఆ చేతులు కొన్నిసార్లు పదికి పైనే ఉంటాయి. వాటి మధ్యలో నిప్పు, సముద్రం, యుద్ధం కూడా తమ వంతు పని చేశాయి.

ఇంతకీ మొక్క సంగతి. మూలికల దుకాణాల్లో మానుపసుపు అనీ దారుహరిద్ర అనీ అమ్మే కట్టెముక్క తెలుగువారికి కొత్త కాదు. అది హిమాలయాల్లో పెరిగే బెర్బెరిస్‌ది. గీరితే లోపల చిక్కటి పసుపు. ఆ రంగుకు కారణం బెర్బెరిన్ అనే చేదు పదార్థం. దాదాపు 500 జాతులున్న ఈ ప్రజాతి ఆసియాలో ఎంత విస్తరించిందో దక్షిణ అమెరికాలోనూ అంత పట్టుగా నిలబడింది. ఉత్తరాన కొలంబియా కొండల నుంచి ఖండం దక్షిణపు కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్వేగో దీవుల దాకా ఆండీస్ వెన్నెముక పొడవునా ఇవి కనిపిస్తాయి. కొత్త రెమ్మ మీది ఆకులు ఆకులుగా ఉండకుండా మూడు కొనల ముళ్ళుగా మారిపోవడం, ఆ ముళ్ళ చంకలో నుంచి వచ్చే పొట్టి రెమ్మల మీద అసలు ఆకులు గుత్తులుగా రావడం దీని ప్రత్యేకత. పూలు పసుపు లేదా నారింజ రంగు. పువ్వులో కేసరాన్ని పురుగు తాకితే అది చటుక్కున లోపలికి వంగి పుప్పొడిని దాని ఒంటికి పూస్తుంది. క్వెచువా భాషలో కాశా అంటే ముల్లు, కిల్యు అంటే పసుపు. ఆ రెండు మాటలతో ఈ పొద వర్ణన సగం పూర్తయినట్టే.

ఇలాంటి పొదను ఎండబెట్టి అట్టకు ఎక్కించడం అంత సుఖమైన పని కాదు. పాత వార్తాపత్రికల మధ్య పెట్టి చెక్కల మధ్య బిగిస్తే ముళ్ళు కాగితాన్ని చీల్చుకుని పక్క నమూనాలోకి దిగుతాయి. కొమ్మ మందం వల్ల ఆకులకు సరైన ఒత్తిడి అందక ముడతలు పడతాయి. పండు రసంతో ఉంటుంది కాబట్టి బూజు పడుతుంది. ఆండీస్ మేఘారణ్యాల తడిలో నమూనాలు ఎండకముందే కుళ్ళిపోతాయని చాలామంది సేకర్తలు వాటిని ఆల్కహాల్‌తో తడిపి, కట్టలు కట్టి, సంచుల్లో మూసి పట్నానికి తెచ్చి ఎండబెట్టేవారు. అలా చేస్తే నమూనా దక్కుతుంది. రంగు పోతుంది, లోపలి డీఎన్ఏ దెబ్బతింటుంది. ఎండాక రాలిన ఆకులను, పూలను చిన్న కాగితపు పొట్లంలో వేసి అట్టకు ఒక మూల అంటిస్తారు. ఆ పొట్లం సంగతి మళ్ళీ వస్తుంది.

ఎండిన కొమ్మలో కనిపించనివి చాలా ఉన్నాయి. పొద ఎంత ఎత్తు? పువ్వు పసుపా నారింజా? పండు నీలమా, నలుపా, దాని మీద తెల్లటి పొడి పూత ఉందా? కేసరం ఎలా కదిలింది? వీటిలో కొన్ని జాతిని తేల్చడానికి అవసరం. వాటికి చీటీయే దిక్కు. మంచి చీటీలో సేకర్త పేరు, అతని వరుస సంఖ్య, తేదీ, చోటు, ఎత్తు, చుట్టుపక్కల ఎలాంటి నేల ఉంది, ఊరివాళ్ళు ఏమని పిలుస్తారు అన్నవి ఉంటాయి. 18వ శతాబ్దపు చీటీలో మాత్రం ఒక్కోసారి ‘మెజెలాన్ జలసంధి’ అన్న మాట తప్ప మరేమీ ఉండదు. దక్షిణ అమెరికా దక్షిణపు కొసన ఉన్న ఆ జలసంధి పొడవు 500 కిలోమీటర్ల పైమాట. దాన్ని పటం మీద ఒక్క చుక్కగా పెట్టమంటే ఎక్కడ పెట్టాలి?

ఆ జలసంధి పరిసరాల్లోనే ఈ ప్రజాతిలో అందరికన్నా పేరున్న పొద ఉంది. స్థానికంగా కలఫాతె అంటారు. కలఫాతె పండు తిన్నవాడు పెటగోనియాకు తిరిగి వస్తాడని అక్కడ నానుడి. అర్జెంటీనాలో హిమానీనదాల పక్కన ఒక పట్టణానికే ఈ పొద పేరు పెట్టారు. కెప్టెన్ కుక్ రెండో యాత్రలో 1774 డిసెంబరులో టియెర్రా డెల్ ఫ్వేగో తీరానికి చేరిన గియోర్గ్ ఫార్‌స్టర్ అక్కడి మొక్కల ఆధారంగా 1789లో దీనికి బెర్బెరిస్ మైక్రోఫిల్లా అని పేరు పెట్టాడు. అంతకు కొన్నేళ్ళ ముందే, బూగన్‌విల్ యాత్రలో వెళ్ళిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు కమెర్సోన్ మెజెలాన్ దగ్గర కొమ్మలు కోసి పెట్టుకున్నాడు. వాటిని చూసి లమార్క్ 1792లో బెర్బెరిస్ బుక్సిఫోలియా అన్నాడు. రెండు ఓడలు, రెండు హెర్బేరియాలు, రెండు పేర్లు. రెండో పేరు ఎక్కువ వాడుకలోకి వచ్చింది. తోటల కేటలాగుల్లో, పండ్ల మీద రాసిన వ్యాసాల్లో అదే స్థిరపడింది.

1999లో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు లెస్లీ లాండ్రమ్ చిలీ, దక్షిణ అర్జెంటీనా బెర్బెరిస్‌లను తిరిగి పరిశీలించి ఈ రెండూ ఒకే జాతి అన్నాడు. నామకరణ నియమం ప్రకారం ముందు ప్రచురించిన పేరుదే హక్కు. మూడేళ్ళ తేడాతో మైక్రోఫిల్లా గెలిచింది. పొదల్లో ఏమీ మారలేదు, అట్టల మీది కొమ్మల్లోనూ ఏమీ మారలేదు. అయినా ఈ తీర్పును ఒప్పుకున్న భద్రాలయంలో ఒక జాతి విస్తీర్ణం పెరిగింది, మరొకటి మాయమైంది. ఒప్పుకోనిచోట, లేదా అట్టలు తిరగేసే తీరిక లేనిచోట, పాత పేరే కొనసాగింది. అన్ని భద్రాలయాల రికార్డులనూ ఒకచోట పోగుచేసి చూపే వేదికలు పర్యాయనామాలను కలిపి చూపించడానికి ప్రయత్నిస్తాయి. అయితే పేరును సరిచేయడం వేరు, కొమ్మను మళ్ళీ చూడడం వేరు. బుక్సిఫోలియా అని రాసి ఉన్న అట్ట మీద నిజానికి మూడో జాతి ఏదో ఉంటే కంప్యూటర్ దాన్ని కూడా నమ్మకంగా మైక్రోఫిల్లాలోకి తోసేస్తుంది.

అట్ట మీద ఉండే చిన్న నిర్ధారణ చీటీల గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ఒక నిపుణుడు నమూనాను చూసి పేరు మార్చాలనుకుంటే పాత చీటీని కొట్టివేయడు, పీకివేయడు. తన అభిప్రాయం, తన పేరు, సంవత్సరం రాసిన కొత్త చీటీని పక్కన అంటిస్తాడు. నూరేళ్ళు దాటిన బెర్బెరిస్ అట్ట మీద ఇలాంటివి మూడు నాలుగు ఉండడం మామూలే. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో వరుసగా చదువుకోవచ్చు. డేటాబేస్‌లో సాధారణంగా చివరి పేరు ఒక్కటే పైకి కనిపిస్తుంది. వాదన అంతా పోయి తీర్పు ఒక్కటే మిగిలిన కోర్టు కాగితంలా ఉంటుంది అది.

వాదనలు ఎందుకు వచ్చాయంటే ఈ పొద మనిషిని మోసం చేస్తుంది. ఒకే పొద మీద లేత కొమ్మల ఆకుల అంచులకు ముళ్ళలాంటి పళ్ళు ఉండి, ముదురు కొమ్మల ఆకులు నున్నగా ఉండవచ్చు. నీడలో ఆకు పెద్దది, గాలికొట్టే శిఖరం మీద చిన్నది. సేకర్త ఏ కొమ్మ కోశాడన్న దాన్ని బట్టి యూరప్‌లో కూర్చున్న పండితుడికి ఒక జాతి కనిపించవచ్చు, రెండు కనిపించవచ్చు. 1961లో ఆరెంట్ అనే బ్రిటిష్ పండితుడు ప్రపంచ బెర్బెరిస్‌లన్నింటి మీదా పెద్ద గ్రంథం వెలువరించి బోలెడన్ని కొత్త పేర్లు పెట్టాడు. వాటిలో చాలా వాటికి ఆధారం కొద్దిపాటి ఎండు కొమ్మలే. తరువాత వచ్చినవాళ్ళకు పనంతా ఆ పేర్లను కలపడమే అయింది. ఆయనను తప్పుపట్టడం సులువే గాని, అంతమంది సేకర్తల కొమ్మలను ఒకచోట పేర్చి చూసే ఓపిక అంతకుముందు చాలా కొద్దిమందికే ఉండేది.

అలాంటి ఓపిక ఉన్న ఇంకొకరి కథ విషాదంగా ముగిసింది. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కామిల్లో ష్నైడర్ దశాబ్దాల పాటు బెర్బెరిస్‌ను అధ్యయనం చేశాడు. పెరూలో ఆగస్ట్ వేబర్‌బావర్ 20వ శతాబ్దం మొదట్లో కోసి పంపిన నమూనాలు బెర్లిన్ చేరేవి. బెర్బెరిస్ వేబర్‌బావరి అన్న పేరు ష్నైడర్ పెట్టినదే. 1943 మార్చి 1 రాత్రి బాంబులు పడి బెర్లిన్ డాలెమ్‌లోని హెర్బేరియం కాలిపోయింది. లక్షల నమూనాలతో పాటు ష్నైడర్ బెర్బెరిస్ గ్రంథం కోసం సిద్ధం చేసుకున్న సరంజామా కూడా బూడిదైంది. ఆ జాతులకు పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన మూల నమూనాలు చాలావరకు అక్కడే ఉండేవి. పేరు మీద తగువు వస్తే చివరికి వెళ్ళి చూడవలసింది ఆ నమూనానే. అది లేకపోతే వర్ణన మాత్రమే మిగులుతుంది. లాటిన్‌లో రాసిన నాలుగు పంక్తుల వర్ణన నాలుగు జాతులకు సరిపోగలదు.

అదృష్టం కొంత మిగిలింది. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం తరఫున జె. ఫ్రాన్సిస్ మాక్‌బ్రైడ్ 1929 నుంచి పదేళ్ళ పాటు యూరప్ హెర్బేరియాలు తిరిగి దక్షిణ అమెరికా మొక్కల మూల నమూనాలను ఫోటోలు తీశాడు. మొదలుపెట్టింది బెర్లిన్‌లోనే. అప్పుడు అదొక కార్యాలయపు సౌకర్యం: అమెరికాలో కూర్చుని పెరూ మొక్కల మీద పని చేసేవాళ్ళు మాటిమాటికి ఓడ ఎక్కనక్కర లేకుండా చేసిన ఏర్పాటు. 1943 తరువాత ఆ నెగటివ్‌లే చాలా జాతులకు మిగిలిన ఏకైక ముఖం అయ్యాయి. ఫోటోలో ఆకు అంచు కనిపిస్తుంది, ముల్లు పొడవు కొలవవచ్చు. పువ్వు విప్పి చూడలేం, డీఎన్ఏ తీయలేం. అందుకే పరిశోధకులు ఇప్పటికీ వేబర్‌బావర్ సంఖ్య ఉన్న జంట నమూనాల కోసం ఇతర నగరాల అల్మారాలు వెతుకుతుంటారు. సేకర్త ఒకే పొద నుంచి నాలుగైదు కొమ్మలు కోసి, అన్నింటికీ ఒకే సంఖ్య వేసి, వేర్వేరు సంస్థలకు పంపే పద్ధతి ఈ విధంగా బీమా పాలసీగా పనికొచ్చింది.

అదే పద్ధతి కంప్యూటర్ కాలంలో ఇంకో చిక్కు తెచ్చింది. 2001లో ఏర్పడిన జీబిఫ్ అనే అంతర్జాతీయ వేదికలో ప్రతి హెర్బేరియం తన రికార్డులను తానే పెడుతుంది. ఒక పొద, ఒక రోజు, ఒక మనిషి. కానీ కొమ్మలు ఐదు నగరాల్లో ఉంటే రికార్డులు ఐదు. లెక్క చూసేవాడికి ఐదు సాక్ష్యాలున్నట్టు కనిపిస్తుంది. అంతకన్నా తమాషా ఏమిటంటే, ఆ ఐదు కొమ్మలనూ ఐదుగురు నిపుణులు చూసి రెండు మూడు వేర్వేరు పేర్లు రాయవచ్చు. అప్పుడు ఒకే పొద తన పక్కన తానే వేరే జాతిగా నిలబడుతుంది.

చేతులు మారడంలో దక్షిణ అమెరికా మొక్కలకు రూయిజ్, పవోన్ ల సేకరణకు మించిన ఉదాహరణ దొరకదు. స్పెయిన్ రాజు పంపగా ఇపోలితో రూయిజ్, హోసే పవోన్ 1777లో బయలుదేరి పదేళ్ళకు పైగా పెరూ, చిలీలలో మొక్కలు సేకరించారు. 1785లో మకోరా అనే ఎస్టేటులో నిప్పంటుకుని రూయిజ్ దినచర్యలు, వర్ణనలు, ఎండు మొక్కలు కాలిపోయాయి. మరుసటి ఏడాది వారి పెట్టెలను మోసుకెళుతున్న సాన్ పేద్రో దె అల్కాంతరా ఓడ పోర్చుగల్ తీరంలోని పెనిషె దగ్గర రాళ్ళకు కొట్టుకుని మునిగింది. మిగిలినదానితో, మళ్ళీ సేకరించినదానితో వాళ్ళు పెరూ, చిలీ వృక్షజాల గ్రంథం వెలువరించారు. పెరూ బెర్బెరిస్‌లలో ప్రసిద్ధమైన బెర్బెరిస్ లూటియా వాళ్ళు పెట్టిన పేరే. 1802లో మూడో సంపుటంలో వచ్చింది.

అసలు గందరగోళం ఆ తరువాత మొదలైంది. డబ్బుకు ఇబ్బంది పడ్డ పవోన్ నమూనాలను లండన్‌లో ఐల్మర్ లాంబర్ట్ లాంటి ధనికులకు అమ్మాడు. 1842లో లాంబర్ట్ హెర్బేరియం వేలానికి వచ్చి చెల్లాచెదురైంది. పవోన్ అమ్మిన కట్టల్లో తాను కోసినవే కాక, మెక్సికోలో వేరే యాత్ర వాళ్ళు కోసినవీ, ఈక్వడోర్‌లో హువాన్ తఫాల్యా కోసినవీ కలిసిపోయాయి. రూయిజ్, పవోన్ ఈక్వడోర్‌లో అడుగే పెట్టలేదు. అయినా ఈక్వడోర్ మొక్కలు వాళ్ళ పేరుతో, కొన్నిసార్లు ‘పెరూ’ అన్న ఒక్క మాటతో యూరప్ అల్మారాల్లో కూర్చున్నాయి. అలాంటి అట్టను డిజిటల్ చేసేవాళ్ళు చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే, దేశం పెరూ, చోటు తెలియదు. కొన్ని వ్యవస్థలు అప్పుడు దేశం నడిమధ్య బిందువును తీసుకుంటాయి. పెరూ నడిమధ్య బిందువు ఆండీస్‌కు తూర్పున అమెజాన్ వైపు పడుతుంది. ఈక్వడోర్ చలికొండల ముళ్ళపొద పెరూ ఉక్కపోత అడవిలో చుక్కై కూర్చుంటుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి చెయ్యీ తనకు అందినదాన్ని నమ్మింది, అంతే.

చార్లెస్ డార్విన్ 1834–35లో చిలీ దక్షిణ తీరంలోని చిలోయె ప్రాంతంలో కోసిన బెర్బెరిస్ కథ దీనికి భిన్నంగా సాఫీగా సాగింది. సేకర్త ఎవరో, యాత్ర ఏదో, ఏ కాలమో అందరికీ తెలుసు. 1844లో విలియం హుకర్ దానికి బెర్బెరిస్ డార్వినీ అని పేరు పెట్టాడు. 1849లో విలియం లాబ్ అనే మొక్కల సేకర్త ద్వారా బ్రిటన్ నర్సరీలకు చేరింది. నారింజ రంగు పూల అందానికి ఇతర దేశాలకూ వెళ్ళింది. న్యూజిలాండ్‌లో పక్షులు దాని పండ్లు తిని విత్తనాలు చల్లడంతో అడవుల్లోకి చొరబడి ఇప్పుడు కలుపుమొక్కగా లెక్కకొస్తోంది. ఫలితంగా ఈ జాతి పటంలో చిలీ చుక్కలతో పాటు తోట కంచెల చుక్కలు, న్యూజిలాండ్ కొండవాలు చుక్కలు కలిసే ఉంటాయి. సహజంగా పెరిగిందా, నాటినదా అన్న గడి ఖాళీగా ఉంటే దాని సొంత ఊరు ఏదో పటం చెప్పలేదు.

రికార్డులను జాగ్రత్తగా చదవకపోతే ఎంత దూరం వెళ్ళగలమో చెప్పే ఉదంతం బెర్బెరిస్‌ది కాకపోయినా ఆండీస్‌దే. జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్ 1802లో ఈక్వడోర్‌లోని చింబొరాజో పర్వతం ఎక్కాడు. ఏ ఎత్తున ఏ మొక్క ఉందో చూపే ప్రసిద్ధ చిత్రపటాన్ని 1807లో ప్రచురించాడు. 2012లో పరిశోధకులు అదే పర్వతం ఎక్కి కొలిచి, రెండు వందల ఏళ్ళలో మొక్కల పై హద్దులు సగటున 500 మీటర్లకు పైగా ఎగబాకాయని 2015లో ప్రకటించారు. భూతాపానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఏముంటుంది అనిపించింది. 2019లో పియెర్ మొరె, ఈక్వడోర్ సహచరులు కలిసి హంబోల్ట్ సహచరుడు బోంప్లాన్ క్షేత్ర పుస్తకాలనూ, పారిస్‌లోని ఎండు నమూనాలనూ తిరగేశారు. చిత్రంలో చెట్ల హద్దుకు పైన ఉన్న మొక్కల సమాచారంలో ఎక్కువ భాగం చింబొరాజోది కాదని, అంతిసానా అనే మరో పర్వతానిదని తేల్చారు. అంతిసానా మీద కొలిస్తే పెరుగుదల 215 నుంచి 266 మీటర్లు. మొక్కలు పైకి పోతున్న మాట నిజమే, ఎంత పోయాయన్న లెక్క మాత్రం సగానికి పడిపోయింది. ఆ లెక్కను సరిచేసినవి ప్రపంచమంతా మెచ్చుకున్న బొమ్మ కాదు. ఎవరూ తెరవని కట్టల్లోని మాసిపోయిన చీటీలు.

ఆండీస్‌లో ఎత్తు ఇంత కీలకం కావడానికి కారణం ఆ కొండల వాలే. పక్కకు ఒక కిలోమీటరు జరిగితే కొన్నిచోట్ల నిలువుగా కొన్ని వందల మీటర్లు జరిగినట్టే. పొడి లోయలో మొదలైన నడక గంటలో మేఘారణ్యానికి, మరికాసేపటికి చెట్లులేని గడ్డినేలకు చేరుతుంది. ‘కీతో నుంచి గ్వరాందా దారిలో’ అని మాత్రమే రాసిన పాత ఈక్వడోర్ చీటీకి చుక్క పెట్టడమంటే ఆ వాతావరణాలన్నింటిలో ఒకదాన్ని ఊహించి ఎంచుకోవడమే. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్ళు చుక్కతో పాటు ఒక వ్యాసార్ధం కూడా రాస్తారు: కొమ్మ కోసిన చోటు ఈ వృత్తంలో ఎక్కడైనా ఉండవచ్చు అని. వృత్తం 40 కిలోమీటర్లుంటే ఆ రికార్డును ఉష్ణోగ్రత లెక్కలకు వాడకూడదు. ఆ గడిని చూడకుండా చుక్కను మాత్రం దించుకునే వాళ్ళే ఎక్కువ. సమాచారం దాచిపెట్టలేదు కదా అని వేదిక అంటుంది, అదీ నిజమే.

చుక్కలు లేని చోట్ల సంగతి ఇంకా ఉంది. సేకర్తలు రోడ్ల వెంట నడుస్తారు, విశ్వవిద్యాలయం ఉన్న నగరం నుంచి ఒక్కరోజులో వెళ్ళి రాగలిగిన కనుమలకు మళ్ళీ మళ్ళీ వెళతారు. బెర్బెరిస్ కూడా దారుల పక్కన, నరికిన అడవి అంచున కనిపించే పొద కావడంతో రికార్డులు ఇలా ఒకవైపే మొగ్గడం ఇంకా పెరుగుతుంది. ఈక్వడోర్ బెర్బెరిస్‌లలో కొన్నింటి పేర్లే ఏదో ఒక ఊరివి. బెర్బెరిస్ పిండిలిసెన్సిస్ అన్న పేరులో కన్యార్ ప్రాంతపు పిండిలిగ్ ఉంది. బెర్బెరిస్ లేమన్నీ లాంటి పేర్లు సేకర్తలవి. ఒకటి రెండు నమూనాలతోనే తెలిసిన జాతి నిజంగా అరుదైనదా, లేక అటువైపు మళ్ళీ ఎవరూ వెళ్ళలేదా, లేక పక్క లోయలోని మామూలు జాతికే నీడలో పెరిగిన కొమ్మా అన్న మూడు ప్రశ్నలకూ అట్ట ఒక్కటే జవాబు చెప్పలేదు.

ఈ తేడాకు విలువ ఉంది. ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా తయారు చేసే ఐయూసీఎన్ పద్ధతుల్లో ఒకటి రికార్డు చుక్కల చుట్టూ గీత గీసి లోపలి వైశాల్యం కొలవడం. అది 5,000 చదరపు కిలోమీటర్లకు లోపు ఉండి, తగ్గుదల వంటి ఇతర షరతులూ కలిస్తే జాతి అంతరించే ప్రమాదం ఎక్కువగా ఉన్న వర్గంలోకి వస్తుంది. 20,000 దాటితే ఆ కొలమానం కింద ప్రమాద వర్గాల నుంచి తప్పుకుంటుంది. కాంతా లోయల్లో మాత్రమే ఉండే పొద ఒకటి ఉందనుకుని, దాని మూడు రికార్డుల్లో ఒకదానికి మొదట చెప్పిన రెండు మైనస్ గుర్తులూ పోయాయనుకుందాం. గీత ఇప్పుడు పెరూ నుంచి బయలుదేరి అట్లాంటిక్ మీదుగా, ఆఫ్రికా మీదుగా నీలగిరుల దాకా సాగుతుంది. కాగితం మీద ఆ పొదకు ప్రపంచమంత ఇల్లు. కొండ మీద మాత్రం గొడ్డలి దెబ్బకు అందేంత దూరంలో పదో పరకో మొదళ్ళు.

అలాగని రికార్డులను పక్కన పెట్టడం కుదరదు. ప్రపంచంలో దాదాపు 3,500 హెర్బేరియాల్లో 40 కోట్లకు దగ్గరగా నమూనాలున్నాయి. ఆండీస్‌లో రోడ్డు పడ్డ, పొలం అయిన, నీట మునిగిన చోట్ల ఒకప్పుడు ఏముండేదో చెప్పే ఆధారం ఇంకోటి లేదు. పైగా సేకర్త ఉద్దేశించనివి కూడా ఆ అట్ట మీద ఉంటాయి. బెర్బెరిస్ ఆకుల మీద తుప్పు తెగులు బూజు ఎండిపోయి అలాగే నిలిచిపోతుంది. గోధుమకు కాండపు తుప్పు తెప్పించే బూజుకు బెర్బెరిస్ పొదలు సగం జీవితపు ఆశ్రయం కాబట్టి అమెరికా 1918 నుంచి యూరప్ నుంచి వచ్చిన సాధారణ బార్బెరీని కోట్లలో పీకించింది. దక్షిణాన టియెర్రా డెల్ ఫ్వేగో బెర్బెరిస్ ఆకుల మీది బూజును బర్క్‌లీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1847లోనే వర్ణించి పేరు పెట్టాడు. పొదను భద్రపరచాలనుకున్నవాళ్ళు దాని జబ్బును కూడా భద్రపరిచారు.

కొత్తగా చేస్తున్న సేకరణల్లో పరిస్థితి మెరుగే. జీపీఎస్ కొమ్మ కోసిన చోటే సంఖ్యలు ఇస్తుంది, మొదటి ప్రతి లీమాలోనో కీతోలోనో కుస్కోలోనో ఉండిపోతుంది, మిగిలినవే విదేశాలకు వెళతాయి. పాతవాటి విషయంలో మాత్రం పని నమూనా ఒక్కింటికి ఒక్కోసారిగా జరగవలసిందే. సేకర్త డైరీ దొరికితే అతను ఆ తేదీన ఏ ఊళ్ళో పడుకున్నాడో చూడాలి. వరుస సంఖ్యకు ముందూ వెనకా ఉన్న నమూనాలు ఏ ఎత్తువో పోల్చాలి. ఈ రోజు పొద్దున పర్వతం మీద ఉన్న మనిషి మధ్యాహ్నానికి తీరంలో ఉండలేడన్న మామూలు ఇంగితమే చాలా తప్పులను బయటపెడుతుంది.

చివరికి కొన్నిసార్లు ఆ మూలనున్న కాగితపు పొట్లాన్ని విప్పవలసి వస్తుంది. జాతి విషయంలో వాదన తెగనప్పుడు, పేరుకు ఆధారమైన కొమ్మ నుంచే డీఎన్ఏ తీయవలసి వచ్చినప్పుడు, అనుమతి తీసుకుని, అట్టకు అంటుకున్న ఆకును తాకకుండా, పొట్లంలో రాలిపడి ఉన్న ముక్కల్లోంచి గోరంత ఆకు పట్టకారుతో తీసుకుంటారు. తీసినవారు ఎవరు, ఎప్పుడు, దేనికోసం అన్నది చిన్న చీటీ మీద రాసి, పాత చీటీల పక్కన ఖాళీ చూసుకుని అంటిస్తారు. తరువాత పొట్లం మడిచి, అట్టను మళ్ళీ దాని అరలో పెడతారు.